తీగ మీది పాట, గోడ మీది బొమ్మ

మన ఆదిలాబాద్ గూడేల్లో ప్రధాన్లు కిక్రీ వాయిస్తూ గోండుల దేవతల కథలు, వంశ కథలు పాడతారు. మధ్యప్రదేశ్ ప్రధాన్లు ఇదే పని బానా అనే వాద్యంతో చేసేవారు. కాలం మారింది. పాట వినిపించుకుని గింజలు పెట్టే ఇళ్లు తగ్గిపోయాయి. చాలామంది కూలికి వెళ్లారు.

అలాంటి కుటుంబంలోనే, పాటన్‌గఢ్ గ్రామంలో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పుట్టారు. ఆయన ప్రతిభను గుర్తించిన చిత్రకారుడు జె. స్వామినాథన్ ఆయన్ని భోపాల్ రప్పించారు. 1982లో ప్రారంభమైన భారత్ భవన్‌లో ఆయన బొమ్మలు పెట్టారు. అంతవరకు పాటలో మాత్రమే ఉన్న దేవతలకు ఆయన చుక్కలతో, గీతలతో రూపమిచ్చారు. 1989లో ఆ బొమ్మలు పారిస్ ప్రదర్శనకు వెళ్లాయి. 2001లో, జపాన్‌లోని ఒక మ్యూజియంలో పనిచేస్తూ, అయినవాళ్లకు దూరంగా ఆయన ప్రాణం తీసుకున్నారు. పేరు వచ్చినంత మాత్రాన మనిషికి తోడు దొరకదని ఆ మరణం చెబుతుంది.

ఆయన దారి ఆగలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న భజ్జూ శ్యామ్ ఒక హోటల్ గోడలకు బొమ్మలు వేయడానికి లండన్ వెళ్లారు. తిరిగొచ్చాక ఆ ఊరినే గోండు కళ్లతో గీశారు. బిగ్ బెన్ గడియారం కోడిపుంజయింది, ఎందుకంటే మనకు పొద్దు చెప్పేది కోడే. భూమి కింద నడిచే రైలు వానపాము అయింది. 2004లో అది పుస్తకంగా వచ్చింది. 2018లో ఆయనకు పద్మశ్రీ దక్కింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ బొమ్మలకు వేరు పాటలో ఉంది. మన కిక్రీ ఇంకా మోగుతోంది. తాతల పక్కన కూర్చుని వినండి, ఫోన్‌లో రికార్డు చేయండి. రేపు మీరేం గీసినా దానికి మూలం అదే.