మన పాత సిపాయిలు – వారి జ్ఞాపకాలు

చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, సంధిపత్రాలు గుర్తుకు వస్తవి. మనం బ్రతుకుతెరువుకు వచ్చి స్థిరపడిన ఈ సీమలో వాటికేమీ కొరత లేదు. కృష్ణగిరి కొండ, రాయకోట దుర్గం, హోసూరు కోట, అన్నీ మైసూరు యుద్ధాలను చూచినవే. 1792 నాటి శ్రీరంగపట్నం సంధితో బారామహల్ కుంఫిణీవారి వశమైనది. 1799లో టిప్పు సుల్తాను పతనంతో హోసూరు కూడా వారి క్రిందికే వచ్చినది. ఇదంతా పుస్తకాలలో ఉన్నది. కాని ఆ కోటగోడలు ఎక్కినవారెవరు, మందుగుండు మోసినవారెవరు, తిరిగి ఇల్లు చేరనివారెవరు? ఈ వ్యాసం వారి వంటి సామాన్య సిపాయిలను గురించినది.

సిపాయి ఉద్యోగం మన తెలుగువారికి కొత్త కాదు. 1756-57లో క్లైవు మదరాసు నుండి వంగదేశానికి తీసుకుపోయిన సిపాయిలలో తెలుగువారు ఎక్కువ. అందువల్ల ఆ దేశంలో సిపాయికి ‘తిలంగా’ అనే పేరే స్థిరపడిపోయినది. ఏ జాతివాడు పటాలంలో చేరినా తిలంగాయే! పొట్టకూటికై ఇల్లు విడిచి, పరాయి చోట తన భాష పేరుతో పిలువబడిన మొదటి వలస తెలుగువారిలో ఈ సిపాయిలు కూడా ఉన్నారని మనం గర్వంగా చెప్పుకొనవచ్చును.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత మదరాసు రాజధానిలోని పలు గ్రామాలలో చిన్న రాతి ఫలకాలు పెట్టించినారు. ఈ గ్రామం నుండి 1914-1919 మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళినారు, వారిలో ఇంతమంది ప్రాణాలర్పించినారు అని మాత్రమే వాటిపై ఉంటుంది. సంఖ్య ఉన్నది, పేర్లు లేవు. ఆ మనుషులు ఎవరి బిడ్డలో, ఏ వీధివారో ఆ రాయి చెప్పదు.

రెండవ ప్రపంచయుద్ధం మన హోసూరును మరొక రకంగా కూడా తాకినది. నేను రైల్వేవాణ్ణి గనుక ఈ సంగతి నాకు ప్రత్యేకంగా తోస్తుంది. మొరప్పూరు నుండి ధర్మపురికి 1906లో చిన్న గేజి లైను పడినది. 1913లో దానిని హోసూరు దాకా పొడిగించినారు. 1941లో, యుద్ధం నడుస్తూ ఉండగా, ఆ లైను మూతపడినది. పట్టాలు పీకివేసినారు. ఆ కాలంలో మన దేశపు పట్టాలు, ఇంజన్లు, పెట్టెలు ఎన్నో పశ్చిమాసియా యుద్ధరంగాలకు ఓడలెక్కినవి. తిరుపత్తూరు నుండి కృష్ణగిరికి ఉండిన చిన్న లైను కూడా పోయినది. కృష్ణగిరి పట్టణానికి నేటికీ రైలు లేదు. తరువాతి కాలంలో సేలం–బెంగుళూరు లైను రాబట్టి హోసూరువారు మళ్ళీ రైలెక్కగలిగినారు.

ఆనాడు హోసూరు, కృష్ణగిరి తాలూకాలు సేలం జిల్లాలో ఉండేవి. పటాలంలో చేరదలచిన కుర్రవాడికి బెంగుళూరు దగ్గర. హోసూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, అలసూరు చెరువు సమీపాన మదరాసు సాపర్ల కేంద్రం ఉన్నది. 1780లో పుట్టిన మదరాసు పయనీర్లే ఈ సాపర్లకు మూలపురుషులు. వంతెన కట్టుట, బాట వేయుట, శత్రువు పాతిన మందుపాతరలను వెదకి తీయుట వీరి పని. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ యువకులు ఒకే గుడారంలో ఉండేవారు. అందరికీ కలిపి ‘తంబి’ అని ముద్దుపేరు.

ఈ తంబీలు ఎరిత్రియాలో, ఇటలీలో, బర్మాలో పనిచేసినారు. ఇటలీలో మిన్యానో వద్ద 1944 ఫిబ్రవరి 24న సుబేదారు సుబ్రమణియన్ తన మనుషులను కాపాడుటకై పేలబోతున్న మందుపాతరపై పడి ప్రాణం విడిచినాడు. ఆయనకు జార్జి క్రాస్ లభించినది. పేరు నిలిచినవాడు ఆయన ఒక్కడు. ఆయన కాపాడిన వారి పేర్లు ఎంతమందికి తెలియును?

ఆ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు పెరిగినది. అంతా స్వచ్ఛందంగా చేరినవారే. సుమారు 87,000 మంది మరణించినారు. రంగూను సమీపాన తౌక్యాన్‌లోని స్మారకం మీద, సమాధి ఎక్కడున్నదో తెలియని సుమారు 27,000 మంది పేర్లు చెక్కి ఉన్నవి. కోహిమాలో దహనం చేయబడిన 917 మంది హిందూ, సిక్కు సైనికులకు వేరే స్మారకం ఉన్నది. మొదటి యుద్ధపు గ్రామఫలకం కంటె ఇది మేలు. ఇక్కడ పేరైనా మిగిలినది.

యుద్ధం ముగిసినది. బ్రతికి వచ్చినవారిని 1945-46లో లక్షలకొద్దీ ఇంటికి పంపివేసినారు. యుద్ధకాలంలోనే చేరి యుద్ధంతోనే విడుదలైనవారికి పూర్తి సర్వీసు లేదు గనుక పెక్కుమందికి పింఛను రాలేదు. ఒక గుడారంలో నాలుగైదేండ్లు కలిసి తిన్నవారు నాలుగు దిక్కులకు పోయినారు. బ్రిటనులో బర్మా యోధులు 1951లో బర్మా స్టార్ సంఘం పెట్టుకొని ఏటేటా కలుసుకొన్నారు. మన పల్లెకు తిరిగి వచ్చిన సిపాయికి పాత తోటివాడు తారసపడాలంటే సంతరోజే దిక్కు.

కొందరి మధ్య ఏకంగా దేశపు సరిహద్దే లేచినది. హైదరాబాదువాసి ఇద్రీస్ హసన్ లతీఫ్ గారు బర్మా యుద్ధంలో విమానం నడపినారు. ఆనాటి వారి సహచరులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ గార్లు. 1947లో దేశం విడిపోయినది. ఆ ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు పాకిస్తాను వాయుసేనకు అధిపతులైనారు. లతీఫ్ గారు 1978లో మన వాయుసేనకు అధిపతి అయినారు. యుద్ధం కలిపినవారిని రాజకీయం విడదీసినది.

పెద్ద అధికారులు గ్రంథాలు వ్రాసినారు. బర్మా రంగాన్ని చూచిన తెలుగువారు, 1981 నుండి 1983 దాకా సైన్యాధిపతిగా ఉండిన జనరల్ కె.వి. కృష్ణారావు గారు కూడా తమ జ్ఞాపకాలను పుస్తకంగా అందించినారు. జవాను మాత్రం అరుగు మీద కూర్చుండి చెప్పినాడు. విన్నవారు విన్నారు. చెప్పినవాడు పోగానే ఆ చరిత్ర కూడా పోయినది. ఆ తరంవారు నేడు దాదాపు లేరు. 1962, 1965, 1971 యుద్ధాలు చూచినవారు కూడా ముదుసలులైనారు.

ఒకనాడు మా టిక్కెట్ల కిటికీ వద్ద ఒక పెద్దాయన ఫారములో తన పేరుకు ముందు ‘నాయక్’ అని వ్రాసినారు. అది ఇంటిపేరు కాదు, హోదా. వెనుక నిలబడిన మరొక వృద్ధుడు తొంగిచూచి, ‘‘ఏ కంపెనీ అప్పా?’’ అని అడిగినారు. జవాబు వినగానే ఆయన చేతికర్ర గోడకు ఆనించి రెండు చేతులూ పట్టుకొన్నారు. ఇద్దరూ 1971లో ఒకే కంపెనీవారు. బండి వచ్చేదాకా బల్లమీద కూర్చుండి మాట్లాడుకొన్నారు. తుపాకుల మాట ఎత్తనే లేదు. లంగరులో మాడిన రొట్టెలు, తడిసిన కంబళ్ళు, రాత్రిళ్ళు పాటలు పాడే పలమనేరు కుర్రవాడు – ఇవే మాటలు. ఆ కుర్రవాడు తిరిగి రాలేదట. అతని పేరు ఒకాయనకు సగమే గుర్తు వచ్చినది. మిగిలిన సగం రెండవ ఆయన అందించినారు. ఆ తరువాత కొంతసేపు ఇద్దరూ మాట్లాడలేదు.

పాత సహచరులు కలుసుకొనుటలోని విలువ ఇదే. ఒక్కడి జ్ఞాపకం సగమే. తేదీ ఒకడికి, ఊరు ఒకడికి, పేరు ఒకడికి గుర్తుంటుంది. ఒకడు గొప్పలు పోతే పక్కవాడు సరిదిద్దుతాడు. ఇంటివారికి చెప్పలేని దుఃఖం కూడా ఆ పక్కవాడికే చెప్పగలడు. పటాలం కేంద్రాలలో జరిగే పునస్సమ్మేళనాలు, నవంబరులో జీవిత ధ్రువపత్రం ఇచ్చుటకు కట్టే వరుసలు – ఇటువంటి చోట్ల ఈ సగాలు కలుస్తున్నవి. ఈమధ్య చేతిఫోను కూడా ఇందుకు సాయపడుతున్నది.

ఊరు మారిన మనకు మరొక ప్రమాదం ఉన్నది. ఇల్లు మారినప్పుడల్లా పాత ట్రంకుపెట్టె ఒకటి తగ్గుతుంది. తాతగారి డిశ్చార్జి పుస్తకం, రిబ్బను వెలిసిన పతకం, వెనుకవైపు నాలుగు పేర్లు వ్రాసిన ఫొటో అందులోనే ఉంటవి. తూకానికి వేసిన తరువాత మరల దొరకవు.

కావున సోదర సోదరీమణులకు నా విన్నపం ఇది. మీ ఇంట పటాలంలో పనిచేసినవారు ఉంటే వారి నంబరు, పటాలం, కంపెనీ, చేరిన సంవత్సరం, తోటివారి పేర్లు ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచండి. వారు లేకపోతే అవ్వను అడగండి; ఉత్తరాలు ఎక్కడి నుండి వచ్చేవో ఆమెకు గుర్తుంటుంది. యుద్ధంలో పోయినవారి పేర్లు కామన్వెల్తు యుద్ధ సమాధుల సంఘం పట్టికలో వెదకవచ్చును. చాలాచోట్ల తల్లిదండ్రుల పేర్లు, ఊరు, జిల్లా కూడా అందులో వ్రాసినారు. జీవించి ఉన్నవారిని ఈ ఉగాది పచ్చడి తిన్న తరువాత ఒక గంట కూర్చోబెట్టి వినండి. వీలైతే వారి పాత తోటివాణ్ణి కూడా పిలవండి. మన సంఘంవారు ఆ నోటుపుస్తకాలను ఒకచోట చేర్చితే, వచ్చే సంచికలో సంఖ్యలకు బదులు పేర్లు అచ్చువేసుకొనవచ్చును.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.