కొత్త డిస్కు, పాత చిరునామా

నెల్లిమర్లలో జిరాక్స్ షాపు నడిపేవాళ్లకి కంప్యూటర్ ఒక్క పూట ఆగినా బేరం పోయినట్టే. స్కాలర్‌షిప్పు అప్లికేషన్లు, రైలు టికెట్లు, పొలం కాగితాలు అన్నీ దాని మీదే. పాత మెషీన్ నెమ్మదిస్తే విజయనగరం వెళ్లి ఎస్‌ఎస్‌డీ కొనుక్కొచ్చి వేయించుకుంటారు. ఒక్కోసారి గొడవ అప్పుడే మొదలవుతుంది. ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, కంపెనీ బొమ్మ కూడా వస్తుంది. తర్వాత నల్లటి తెర మీద 'నో బూటబుల్ డివైస్' అన్న ముక్క తప్ప ఏమీ ఉండదు. "కొత్తదే కదేటి బాబూ, అప్పుడే పోయిందేటి?" అని అడుగుతారు.

చాలాసార్లు డిస్కు పోదు. విండోస్ కూడా అందులోనే ఉంటుంది. దాన్ని ఎక్కడ వెతకాలన్న దగ్గరే మెషీన్‌కి, డిస్కుకి పొత్తు కుదరదు. ఆ తేడాకి నలభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది.

స్విచ్ వేసిన క్షణంలో ప్రాసెసర్‌కి డిస్కు ఉందన్న సంగతే తెలీదు. మదర్‌బోర్డు మీది చిన్న చిప్‌లో రాసి ఉన్న ప్రోగ్రాం దాన్ని నడిపించుకెళ్లి డిస్కుకి అప్పజెబుతుంది. 1970లలో అమెరికాలో గ్యారీ కిల్డాల్ తన సీపీఎం ఆపరేటింగ్ సిస్టంలో, ఒక్కో మెషీన్‌కి మారిపోయే భాగాన్ని వేరు చేసి దానికి బయోస్ అని పేరు పెట్టాడు. 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీలోని చిప్‌కి అదే పేరు దక్కింది. 1983లో హార్డ్ డిస్కుతో ఐబీఎం ఎక్స్‌టీ, దానితోపాటు డాస్ 2.0 వచ్చాక అసలు ఒప్పందం కుదిరింది. డిస్కులో మొట్టమొదటి గడి, అంటే 512 బైట్లు, బయోస్ చదవాలి. అందులో 446 బైట్లు ప్రోగ్రాం, 64 బైట్లు పార్టిషన్ల, అంటే డిస్కుని విడగొట్టిన భాగాల, పట్టిక, చివరి రెండు బైట్లు గుర్తు. ఆ గుర్తు లేకపోతే బయోస్ ఆ డిస్కుని వదిలేసి ముందుకెళ్తుంది. ఈ మొదటి గడినే ఎంబీఆర్ అంటారు.

ఇంత చిన్న పట్టిక ఇన్నేళ్లు ప్రపంచాన్ని మోసిందంటే నాకు గౌరవమే కలుగుతుంది. కానీ అందులో నాలుగు పార్టిషన్లకే చోటు, రెండు టెరాబైట్లు దాటితే లెక్క అందదు. 1990ల చివర ఇంటెల్ తన ఐటేనియం ప్రాసెసర్ల కోసం ఈఎఫ్ఐ అని కొత్త పద్ధతి మొదలుపెట్టింది. 2005లో పలు కంపెనీలు కలిసి దాన్ని యూఈఎఫ్ఐగా చేపట్టాయి. దీనితో వచ్చిన పట్టిక పేరు జీపీటీ. ఇప్పుడు మెషీన్ మొదటి గడిలోని ప్రోగ్రాంని నడపదు. డిస్కులో ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకి వెళ్లి బూట్ ఫైలు వెతుకుతుంది.

డిస్కు కథ వేరే దారిన నడిచింది. తోషిబాలో ఫుజియో మసుఒకా 1984లో ఫ్లాష్ మెమరీని, 1987లో నాండ్ రకాన్ని లోకానికి చూపించాడు. ఎస్‌ఎస్‌డీలో డేటా దాచేది ఆ నాండే. 2011లో ఎన్‌వీఎంఈ ప్రమాణం వచ్చాక చాలా ఎస్‌ఎస్‌డీలు సాటా కేబుల్‌ని వదిలేసి నేరుగా బోర్డు మీదకెక్కాయి. ఈ రెండు దారులు కలిసే చోటే మన షాపువాళ్ల తిప్పలు.

ఎక్కువగా జరిగేది ఇది. పాత డిస్కు తగిలించే ఉంచి కొత్తదానిలో విండోస్ వేస్తారు. పాతదానిలో ఈఎఫ్ఐ పార్టిషన్ ఉంటే, ఇన్‌స్టాలర్ బూట్ ఫైళ్లని అందులోనే పెట్టేస్తుంది. తర్వాత పాత డిస్కు తీసేస్తే బూట్ ఫైళ్లూ దానితోపాటే పోతాయి. అందుకే విండోస్ వేసేటప్పుడు పాత డిస్కు కేబుల్ పీకేయాలి. ఇప్పటికే ఆ పని జరిగిపోయి ఉంటే, కొత్త డిస్కులో చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ చేసుకుని, విండోస్ పెన్‌డ్రైవ్ నుంచి బీసీడీబూట్ అనే ఆజ్ఞ నడిపితే చాలు. డేటా ముట్టుకోనక్కర్లేదు.

రెండోది, ఎంబీఆర్ డిస్కుని ఉన్నదున్నట్టు కాపీ చేసి, యూఈఎఫ్ఐ మాత్రమే ఎరిగిన మెషీన్‌లో పెట్టడం. 2017 నుంచి విండోస్‌తోనే వస్తున్న ఎంబీఆర్2జీపీటీ ఫైళ్లు పోకుండా పట్టిక మారుస్తుంది. అయినా ముందు ఇంకో కాపీ తీసి ఉంచుకోవాలి. తర్వాత మదర్‌బోర్డు సెట్టింగుల్లో పాత బయోస్ పద్ధతివైన లెగసీ, సీఎస్‌ఎం అన్నవి ఉంటే ఆపేసి యూఈఎఫ్ఐ పెట్టాలి.

మూడోది కొత్త లాప్‌టాప్‌లది. ఇంటెల్ పదకొండో తరం నుంచి కొన్నిటిలో వీఎండీ అనే ఏర్పాటు ఆన్‌లో ఉంటుంది. దాని డ్రైవర్ లేకపోతే విండోస్ ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించదు, లిస్టు ఖాళీ. తయారీదారు సైటు నుంచి ఆ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి 'లోడ్ డ్రైవర్' నొక్కితే కనిపిస్తుంది.

ఇంకొకటి, కొనేటప్పుడే చూసుకోవాల్సింది. బోర్డు స్లాటులో గుచ్చే ఎం.2 అని అమ్మేవాటిలో సాటా రకం, ఎన్‌వీఎంఈ రకం రెండూ చూపుకి దాదాపు ఒకేలా ఉంటాయి. ఎన్‌వీఎంఈకే పనికొచ్చే స్లాటులో సాటాది పెడితే అది సెట్టింగుల్లో కూడా కనబడదు. అప్పుడు పైన చెప్పినవేవీ పనిచేయవు. డిస్కు మార్చి ఇమ్మని అదే రోజు షాపుకి పట్టుకెళ్లడం మంచిది.