మోటారు షెడ్డు కింది నేల



రోడ్డు పక్క మెకానిక్ షెడ్డు ఎత్తివేసిన జాగాను చదును చేసి, మళ్ళు కట్టి తోటకూర చల్లడం చాలా చోట్ల కనబడుతున్నది. నీరు దగ్గర, బేరం దగ్గర. అయితే ఆ నేలకు వెనకటి కథ ఒకటి ఉన్నది. అది తెలుసుకున్నాకనే విత్తనం చల్లాలి.

1859లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు గాస్తోన్ ప్లాంటే సీసపు పలకలను గంధకామ్లంలో ఉంచి, మళ్ళీ మళ్ళీ చార్జీ చేయదగిన బ్యాటరీ తయారుచేశాడు. నేటికీ మన ట్రాక్టరులో ఉండేది ఆ జాతి బ్యాటరీయే. 1921లో అమెరికాలో థామస్ మిడ్జిలీ అనే ఇంజనీరు, ఇంజను కొట్టుకోకుండా పెట్రోలులో సీసపు మందు కలపవచ్చునని కనిపెట్టాడు. 1923లో అది అమ్మకానికి వచ్చింది. మరుసటి ఏడే న్యూజెర్సీలో ఆ మందు తయారుచేసే పనివారు ఐదుగురు మతి చలించి చనిపోయారు. అయినా వాడకం ఆగలేదు. మన దేశంలో సీసం లేని పెట్రోలు 1995లో నాలుగు మహానగరాలలో మొదలై, 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటికీ వచ్చింది. కట్టకడపట మానుకున్న దేశం అల్జీరియా, 2021లో.

పెట్రోలులో ఆగింది గదా, ఇక భయమేమి అంటారా? సీసం కుళ్ళదు, ఆవిరి కాదు, వానకు సులభంగా దిగిపోదు. బంకమట్టిని, చివికిన ఎరువును అంటిపెట్టుకొని పైపొరలోనే ఉండిపోతుంది. అనగా మనం దున్నే చోటనే, పిల్లలు ఆడే చోటనే. దానికి తోడు విప్పిన బ్యాటరీల పొడి, ఒలికిన పాత ఆయిలు, రేడియేటరు టంకం, గీకిన రంగు, బ్రేకుల అరుగుదల. వీటివల్ల కాడ్మియం, రాగి, జింకు కూడా చేరతాయి. జింకు పైరుకు కావలసినదే గాని, మోతాదు మించితే అదీ చేటే.

ఇది ఉత్తమాట కాదు. ఆఫ్రికాలోని సెనెగల్ దేశంలో, డకార్ నగరం పక్క థియారోయ్‌లో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసేవారు. ఆ మట్టిని జల్లించి అమ్ముకున్నారు కూడా. 2007 నవంబరు, 2008 మార్చి నడుమ అక్కడ 18 మంది పిల్లలు చనిపోయారు. సీసం ముందు పట్టేది పసివాళ్ళనే, వాళ్ళ మెదడునే.

మరి భూసార పరీక్షలో తెలియదా? 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో చూసేవి 12 అంశాలు. సీసం, కాడ్మియం వాటిలో లేవు. కార్డు బాగున్నంత మాత్రాన నేల బాగున్నట్లు కాదు. ఎడ్లు కొంటే పళ్ళు చూస్తాము. నేల పట్టేటప్పుడు, ఇక్కడ పూర్వం ఏముండేదని ఊళ్ళో పెద్దలను అడగాలి.

షెడ్డు ఉన్న జాగా అని తేలితే ఆకుకూరలు, ముల్లంగి, క్యారెట్ వేయవద్దు. ఆకులు కాడ్మియాన్ని సులువుగా పీల్చుకుంటాయి. దుంపలకు మట్టి అంటుతుంది. సీసం, కాడ్మియం చూడమని ప్రత్యేకంగా అడిగి పరీక్ష చేయించండి. పులుపు నేలైతే పరీక్ష ప్రకారం సున్నం వేసి, చివికిన ఎరువు తోలండి. లోహం పైరుకు అందడం తగ్గుతుంది గాని పోదు. షెడ్డు ఊడ్చిన మట్టిని పెంటకుప్పలో కలపవద్దు. పాత ఆయిలు గట్టున పోయవద్దు. పాత బ్యాటరీ ఇంట్లో విప్పక, కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి. పొలం నుంచి రాగానే, అన్నానికి ముందు, పిల్లల చేతులు కడిగించండి.