లిమిట్ హోల్డెమ్‌లో బలమైన ఆరంభ ముక్కలు

టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్ ఆటలో ప్రతి ఆటగాడికి మొదట పంచే రెండు ముక్కలను ఆరంభ ముక్కలు అంటారు. వీటిలో గెలిచే అవకాశం మిగిలిన వాటికంటే స్పష్టంగా ఎక్కువగా ఉన్నవి బలమైన ఆరంభ ముక్కలు. పందెం మొత్తం ముందే నిర్ణయమై ఉండే లిమిట్ పద్ధతిలో, ముఖ్యంగా తక్కువ పందెపు ఆటలలో, ఈ ముక్కలు కొత్త ఆటగాళ్ళు ఆశించినంత తరచుగా గెలవవు. అయినప్పటికీ దీర్ఘకాలంలో లాభంలో అధిక భాగం వీటి నుండే వస్తుంది. ఈ వైరుధ్యానికి కారణం సంభావ్యతలో ఉన్నది.

ఆట విధానం

ఆటకు 52 ముక్కల పేక వాడతారు. ప్రతివారికి రెండేసి ముక్కలు పంచిన తరువాత, అందరికీ చెందే ఐదు ముక్కలను బల్లపై మూడు దఫాలుగా తెరుస్తారు. మొదట తెరిచే మూడింటిని ఫ్లాప్ అనీ, నాలుగవదానిని టర్న్ అనీ, ఐదవదానిని రివర్ అనీ పిలుస్తారు. ఈ ఏడు ముక్కలలో ఉత్తమమైన ఐదింటితో గెలుపు నిర్ణయమవుతుంది.

లిమిట్ పద్ధతిలో పందెం ఇష్టం వచ్చినంత పెంచడానికి వీలులేదు. ఉదాహరణకు 2-4 డాలర్ల ఆటలో ఫ్లాప్‌కు ముందు, ఫ్లాప్ తరువాత పందెం 2 డాలర్లు. టర్న్, రివర్ దశలలో 4 డాలర్లు. ఒక్కొక్క దశలో ఎన్నిసార్లు పెంచవచ్చో కూడా పరిమితి ఉంటుంది.

చరిత్ర

ఈ ఆట అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో పుట్టింది. ఆ రాష్ట్ర శాసనసభ 2007లో రాబ్స్‌టౌన్ పట్టణాన్ని ఆట జన్మస్థలంగా గుర్తించింది. 1960వ దశకంలో ఇది లాస్ వెగాస్‌కు చేరింది. డేవిడ్ స్క్లాన్‌స్కీ, మేసన్ మాల్ముత్ 1988లో ప్రచురించిన గ్రంథంలో ఆరంభ ముక్కలను ఎనిమిది తరగతులుగా విభజించారు. 2003లో క్రిస్ మనీమేకర్ ప్రపంచ పోకర్ పోటీలో గెలిచిన తరువాత పరిమితి లేని పద్ధతికి ఆదరణ పెరిగి, లిమిట్ ఆట క్రమంగా వెనుకబడింది.

బలమైన ముక్కలు

రెండు ముక్కలను 1,326 విధాలుగా పంచవచ్చు. గుర్తుల భేదాన్ని ఒకే గుర్తా, వేర్వేరు గుర్తులా అన్నంతవరకే లెక్కిస్తే ఇవి 169 రకాలు: 13 జతలు, ఒకే గుర్తు కలవి 78, వేర్వేరు గుర్తులవి 78. పైన పేర్కొన్న విభజనలో మొదటి తరగతిలో ఉన్నవి ఐదు రకాలు మాత్రమే: ఆసుల జత, రాజుల జత, రాణుల జత, జాకీల జత, ఒకే గుర్తు గల ఆసు-రాజు. ఆసుల జత సగటున 221 పంపకాలకు ఒకసారి వస్తుంది. ఐదు రకాలనూ కలిపి చూసినా సుమారు 47 పంపకాలకు ఒకసారి మాత్రమే వస్తాయి. కావున ఓపిక ఈ ఆటకు మొదటి అర్హత.

ఎక్కువమంది ఉన్నప్పుడు

ఏవో రెండు ముక్కలు గల ఒకే ప్రత్యర్థిపై ఆసుల జత సుమారు 85 శాతం సార్లు గెలుస్తుంది. అటువంటి తొమ్మిదిమందీ చివరివరకు నిలిస్తే గెలుపు సుమారు 31 శాతానికి పడిపోతుంది. అనగా పదిసార్లలో దాదాపు ఏడుసార్లు ఓటమే. "పెద్ద జత వచ్చినా ఓడిపోతున్నాము" అనే ఫిర్యాదుకు మూలం ఇదే.

అయితే లాభాన్ని లెక్కించినప్పుడు ఫలితం వేరుగా ఉంటుంది. ప్రతి ఒక్కరూ ఒక్కొక్క డాలరు పెట్టారనుకుంటే:

ఒక ప్రత్యర్థి: మొత్తం 2 డాలర్లు, అందులో సగటు వాటా 1.70, లాభం 0.70 డాలరు.
తొమ్మిదిమంది ప్రత్యర్థులు: మొత్తం 10 డాలర్లు, సగటు వాటా 3.10, లాభం 2.10 డాలర్లు.

గెలుపుల సంఖ్య తగ్గినా సగటు లాభం మూడు రెట్లయినది. అందువలన బలమైన ముక్కలు వచ్చినప్పుడు, ఎంతమంది ఆటలో ఉన్నప్పటికీ, ఫ్లాప్‌కు ముందు పందెం పెంచడమే సరైన పద్ధతి. ముక్కలను దాచిపెట్టే ఉద్దేశంతో ఊరకే పందెం కలపడం వలన ఈ లాభం కొంత పోతుంది.

ఫ్లాప్ తరువాత

బలమైన ముక్కల విలువ ఫ్లాప్‌తో మారిపోవచ్చు. చేతిలోని జతకంటే పెద్ద ముక్క ఒకటైనా ఫ్లాప్‌లో కనబడే అవకాశం ఇలా ఉంటుంది:

రాజుల జత: సుమారు 23 శాతం
రాణుల జత: సుమారు 41 శాతం
జాకీల జత: సుమారు 57 శాతం

ఆసు-రాజు ఉన్నవారికి ఫ్లాప్‌లో ఆసు గాని రాజు గాని దొరికేది సుమారు 32 శాతం సార్లు మాత్రమే. చాలామంది ఆటలో ఉండి, పందేలు పెరుగుతూ ఉండగా ఫ్లాప్ సహకరించకపోతే ఈ ముక్కలను పారవేయడమే మేలు. ముక్కలు ఆరంభంలో ఎంత అందంగా ఉన్నవన్నది ఆ దశలో అప్రస్తుతం.

లిమిట్ పద్ధతిలో పందెం చిన్నది కనుక ప్రత్యర్థులను భయపెట్టి పంపడం కష్టం. 2-4 డాలర్ల ఆటలో ఫ్లాప్‌కు ముందు ఆరుగురు నాలుగేసి డాలర్లు పెట్టారనుకుందాం. బల్లపై 24 డాలర్లు ఉంటాయి. ఆసుల జత గల ఆటగాడు 2 డాలర్లు పందెం కాస్తే మొత్తం 26 అవుతుంది. తరువాతి ఆటగాడు 2 డాలర్లతో 26 డాలర్లకు ప్రయత్నించవచ్చు, అనగా 13కు 1. వరుస పూర్తికావడానికి మధ్యలోని ఒకే అంకె కావలసిన వ్యక్తికి టర్న్‌లో అది రాకపోవడానికి, రావడానికి గల నిష్పత్తి సుమారు 10.75కు 1. కనుక అతడు నిలవడం మూర్ఖత్వం కాదు, లెక్క ప్రకారం సబబే. అతడు గెలిచినప్పుడు ఆగ్రహించి తరువాతి ఆటలలో బలహీనమైన ముక్కలతో పందెం కాయడమే నిజమైన నష్టానికి దారితీస్తుంది.

పరిమితులు

పై శాతాలు దీర్ఘకాలపు సగటులు; ఒక రాత్రి ఆటకు అవి హామీ కావు. ఆట నిర్వాహకులు ప్రతి ఆట మొత్తం నుండి తీసుకునే రుసుము తక్కువ పందెపు ఆటలలో లాభాన్ని గణనీయంగా తగ్గిస్తుంది. 2015లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు లిమిట్ హోల్డెమ్‌ను కంప్యూటర్ ద్వారా దాదాపుగా పరిష్కరించినట్లు ప్రకటించారు. అయితే అది ఇద్దరు మాత్రమే ఆడే ఆటకు సంబంధించినది.

భారతదేశంలో

ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా పేర్కొన్నది. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను చట్టాలను సవరించి, డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025లో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యం, అదృష్టం అనే భేదం లేకుండా అటువంటి ఆటలను దేశమంతటా నిషేధించింది.

ఇవి కూడా చూడండి

పేకాట
రమ్మీ
సంభావ్యత