చూసే కన్ను, తూచే చేయి: ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థుల క్లినికల్ శిక్షణ చరిత్ర

పక్షవాతం వచ్చిన మనిషి మళ్లీ తన చొక్కా తానే తొడుక్కునేలా, వేళ్లు బిగుసుకుపోయిన పిల్లవాడు పెన్సిలు పట్టుకునేలా, మనసు చెదిరిన మనిషి పొద్దున్నే లేచి తన పనులు తాను చూసుకునేలా చేయడం ఆక్యుపేషనల్ థెరపిస్టు పని. ఈ విద్య పుస్తకం చదివితే వచ్చేది కాదు. రోగి పక్కన నిలబడాలి, అనుభవజ్ఞులు చూస్తుండగా చేయాలి, తప్పు దిద్దుకుని మళ్లీ చేయాలి. అందుకే ఈ చదువులో పోస్టింగులకు, ఇంటర్న్‌షిప్‌కు అంత ప్రాధాన్యం. అయితే వార్డులో ఆ విద్యార్థిని ఎవరు కనిపెట్టుకుని ఉండాలి? రేపు ఒంటరిగా రోగిని అప్పగించవచ్చో లేదో దేన్నిబట్టి తేల్చాలి? వందేళ్లకు పైగా ఈ వృత్తి ఈ రెండు ప్రశ్నలతో కుస్తీ పడుతూనే ఉంది. వచ్చిన జవాబులను వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. దగ్గరుండి నేర్పడం, నిజాయతీగా తూచి చెప్పడం ఒకే పనిగా సాగినప్పుడు విద్యార్థి ఎదిగాడు. ఆ రెండూ విడిపోయినప్పుడు మార్కుల పత్రం ఉత్త కాగితంగా మిగిలింది.

నర్సుల తరగతి నుంచి యుద్ధకాలపు ఆసుపత్రి దాకా

అమెరికాలోని బోస్టన్‌లో ఆడమ్స్ నెర్విన్ అసైలం అనే ఆసుపత్రి ఉండేది. అక్కడ నర్సులకు శిక్షణ ఇచ్చే సుసాన్ ట్రేసీ, మంచం పట్టిన రోగుల చేత చేతిపనులు చేయించడం ఎలాగో 1906 ప్రాంతంలో పాఠంగా చెప్పడం మొదలుపెట్టింది. 1910లో ఆ పాఠాలు పుస్తకంగా వచ్చాయి. అప్పట్లో పర్యవేక్షకుడనే ప్రత్యేక ఉద్యోగం లేదు. పాఠం చెప్పిన మనిషే వార్డులోనూ పక్కన ఉండేది. శిష్యురాలి చేయి ఎలా తిరుగుతోందో, రోగితో మాట ఎలా కలుపుతోందో కళ్లారా చూసేది. తూకం వేయడానికి కాగితం అక్కర్లేదు, గురువు మనసులోని అభిప్రాయమే తీర్పు.

1915లో షికాగోలో ఎలినోర్ క్లార్క్ స్లేగల్ ఈ పనివాళ్ల కోసమే ఒక బడి నడపడం ప్రారంభించింది. 1917 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో, కన్సొలేషన్ హౌస్ అనే ఇంట్లో కొద్దిమంది సమావేశమై ఈ వృత్తికి ఒక జాతీయ సంఘాన్ని స్థాపించారు. ఆ ఇంటి యజమాని జార్జ్ బార్టన్ భవన శిల్పి. క్షయతో, ఎడమవైపు పక్షవాతంతో బాధపడి, చేతిపనితోనే కోలుకున్నవాడు. మానసిక వైద్యుడు విలియం రష్ డంటన్, స్లేగల్ కూడా ఆ స్థాపకుల్లో ఉన్నారు.

సంఘం పుట్టిన మరుసటి నెలలోనే అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. గాయపడి తిరిగివచ్చే సైనికుల కోసం వందలాది మంది సహాయకురాళ్లు కావలసివచ్చారు. వాళ్లను రీకన్‌స్ట్రక్షన్ ఎయిడ్స్ అన్నారు. 1918లో బోస్టన్‌లో, ఫిలడెల్ఫియాలో బళ్లు వెలిశాయి. చాలాచోట్ల శిక్షణ వారాల్లోనే ముగిసేది. నేతపనో బుట్టల అల్లికో బాగా వచ్చి, మంచి నడవడి ఉంటే చాలనుకున్నారు. యుద్ధం ముగిశాక దీని లోటు బయటపడింది. చేతిపని వచ్చినంత మాత్రాన, ఏ రోగికి ఏ పని, ఎంతసేపు, ఎప్పుడు ఆపాలి అన్న వివేకం రాదు. అది ఆసుపత్రిలో, ఒకరి కనుసన్నల్లో గడిపితేనే వస్తుంది. ఆ గ్రహింపుతోనే అమెరికా సంఘం 1923లో శిక్షణకు కనీస ప్రమాణాలు ప్రకటించింది. కోర్సు 12 నెలలకు తగ్గకూడదనీ, అందులో కొంతకాలం పర్యవేక్షణ కింద ఆసుపత్రిలో పనిచేసి తీరాలనీ నియమం పెట్టింది. క్లినికల్ శిక్షణ అప్పటిదాకా అలవాటు, ఆనాటి నుంచి నియమం.

ఆసుపత్రుల చుట్టూ తిరిగే చదువు

1930లో డాక్టర్ ఎలిజబెత్ కాసన్ ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో డోర్సెట్ హౌస్ స్థాపించింది. బ్రిటన్‌లో ఆక్యుపేషనల్ థెరపీకి అదే మొదటి బడి. అది మానసిక రోగులకు చికిత్స చేసే చోటు కూడా కావడం వల్ల చదువూ వైద్యమూ ఒకే కప్పు కింద సాగాయి. అమెరికాలో 1935లో వైద్య సంఘమూ, ఈ వృత్తి సంఘమూ కలిసి బళ్ల గుర్తింపుకు ప్రమాణాలు రూపొందించాయి. 20వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి విద్యార్థి ఒకే చోట కాకుండా మానసిక ఆసుపత్రి, క్షయ ఆసుపత్రి, శారీరక వైకల్యాల విభాగం, పిల్లల వార్డు, సాధారణ ఆసుపత్రి అంటూ తిరిగి నేర్చుకునే పద్ధతి స్థిరపడింది.

ఈ తిరుగుడు వల్ల అనుభవం పెరిగింది, చిక్కూ పెరిగింది. పాఠం చెప్పేవాళ్లు ఒకచోట, పని చేయించేవాళ్లు ఇంకోచోట అయ్యారు. విద్యార్థి ఎలా చేస్తోందో కాలేజీకి తెలియాలంటే ఆసుపత్రి నుంచి ఒక నివేదిక రావాలి. ఆ నివేదికలో ఒకరు నడవడి గురించి రాస్తే, ఇంకొకరు నేత నైపుణ్యం గురించి రాసేవారు. ఒక ఆసుపత్రిలో మెప్పు పొందిన అమ్మాయి మరోచోట మందలింపు తినేది. పైగా సిబ్బంది చాలని ఆసుపత్రులకు విద్యార్థులు జీతం లేని పనివాళ్లుగా అక్కరకొచ్చారు. పని తీసుకోవడం ఎక్కువై, నేర్పడం తక్కువైంది. 1945లో అమెరికాలో జాతీయ స్థాయి పరీక్ష మొదలైంది, 1947 నుంచి బహుళైచ్ఛిక ప్రశ్నలు వచ్చాయి. దాంతో పుస్తక జ్ఞానానికి ఒకే కొలబద్ద దొరికింది. వార్డులో చూపే వివేకానికి అలాంటిది ఇంకా లేదు.

తీర్పు కాగితం మీదికి వచ్చిన తీరు

ఆ లోటు తీర్చడానికి 1950లలో అమెరికా సంఘం విద్యార్థి పనితీరుకు ఒక ఉమ్మడి నివేదిక పత్రాన్ని తెచ్చింది. దాని స్థానంలో 1973లో మరొకటి, 1987లో ఇంకొకటి, 2002లో వేరొకటి వచ్చాయి. 2002 నాటి పత్రాన్ని 2020లో సవరించారు. పేర్లూ అంకెలూ మారడం అటుంచి, ఒక్కో పత్రం విద్యార్థిలో దేన్ని చూడమంటోందన్నది అసలు విషయం. ఒక చిన్న ఉదాహరణతో అది తేలిగ్గా అర్థమవుతుంది.

కుడిచేయి చచ్చుబడిన అరవై ఏళ్ల పెద్దాయన మంచం అంచున కూర్చున్నాడు. చొక్కా తొడుక్కోవడం నేర్పాలి. బలం లేని చేతిని ముందు చొక్కాచేతిలోకి దూర్చాలి, విప్పేటప్పుడు బాగున్న చేతిని ముందు తీయాలి. విద్యార్థిని ఈ క్రమం చక్కగా చెప్పింది. ఆయన కష్టపడి రెండు చేతులూ తొడుక్కున్నాడు. మొదటి గుండీ ఎడమచేత్తో పెట్టుకున్నాడు. రెండో గుండీ దగ్గర వేళ్లు తడబడ్డాయి. ఆ అమ్మాయి జాలిపడి గబుక్కున గుండీ పెట్టేసింది, ఆపై మిగిలినవన్నీ కూడా. మూలన నిలబడిన సూపర్‌వైజర్ ఇదంతా చూసింది.

తొలినాళ్ల గురువైతే దీన్ని చూసి, పిల్ల మంచిది, దయగలది, కాస్త తొందర అని ఊరుకునేది. అది నిజమే, కానీ విద్యార్థిని రేపు ఏం మార్చుకోవాలో అందులో లేదు. 1987 పత్రంలో ప్రతి అంశాన్నీ పనితీరు, వివేచన, వైఖరి అని మూడు వైపుల నుంచి కొలిచేవారు. ఈ అమ్మాయికి వైఖరిలో ఎక్కువ, వివేచనలో తక్కువ పడాలి. తేడా చూపించడం వరకు అది ముందడుగే. కానీ ప్రతి అంశానికీ మూడేసి అంకెలు వేయడం సూపర్‌వైజర్లకు భారమైంది.

2002 పత్రంలో చూపు పూర్తిగా పనిలోకి దిగే స్థాయి మీదికి మళ్లింది. కొత్తగా ఉద్యోగంలో చేరే థెరపిస్టు చేయగలిగింది ఈ విద్యార్థి చేయగలదా అని అడిగారు. 42 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 4 దాకా మార్కులు, చివర్లో 122 వస్తే పాస్. సవరించిన 2020 పత్రంలో 37 అంశాలే మిగిలాయి, పాస్ కావడానికి 111 కావాలి. అంటే సగటున ప్రతిదానికీ 3 రావాలి. నీతికీ రోగి భద్రతకూ సంబంధించిన అంశాల్లో 3 కంటే తగ్గితే, మొత్తం ఎంత వచ్చినా పాస్ కానట్టే. ఈ ఒక్క నియమంలో ఆ వృత్తి విలువలన్నీ ఇమిడి ఉన్నాయి. నైపుణ్యం కొంత తగ్గితే తర్వాత నేర్చుకోవచ్చు. రోగిని పడిపోనిచ్చే చేతులకు మార్కుల సర్దుబాటు లేదు.

ఈ పద్ధతిలో మన అమ్మాయికి, రోగి తానే చేసుకునేలా నేర్పే అంశంలో 2 పడుతుంది, అంటే ఇంకా ఎదుగుతున్న దశ అని అర్థం. దాని పక్కన సూపర్‌వైజర్ ఇలా రాస్తుంది: బలహీనమైన చేయి ముందు అన్న క్రమం సరిగా నేర్పింది. రెండో గుండీ దగ్గర రోగి తడబడగానే తానే పెట్టేసింది. రేపు చేతులు వెనక్కి కట్టుకుని, మాటతో మాత్రమే సాయం చేయాలి. ఈ మూడు వాక్యాల్లో నిందా లేదు, పొగడ్తా లేదు. చూసింది ఉంది, రేపు చేయాల్సింది ఉంది. వందేళ్ల ప్రయాణం చేరిన మజిలీ ఇది.

ఎవరు, ఎంత దగ్గరగా చూడాలి

పత్రం ఎంత బాగున్నా, నింపే మనిషి దగ్గరుండి చూడకపోతే దండగ. అందుకే పర్యవేక్షకుల అర్హతల మీద కూడా నియమాలు పెరిగాయి. అమెరికాలో చివరి దశ క్షేత్రశిక్షణ ప్రస్తుతం కనీసం 24 వారాలు. దాన్ని పర్యవేక్షించే థెరపిస్టుకు కనీసం ఏడాది వృత్తి అనుభవం ఉండాలి. థెరపిస్టే లేని పాఠశాలకో సామాజిక కేంద్రానికో విద్యార్థిని పంపితే, బయటి థెరపిస్టు వారానికి కనీసం 8 గంటలు నేరుగా పర్యవేక్షించాలి. ఒక గురువుకు ఒకే శిష్యుడనే పాత పద్ధతి పక్కన, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఒకే సూపర్‌వైజర్ దగ్గర కలిసి నేర్చుకునే పద్ధతి కూడా వచ్చింది. అందులో విద్యార్థులు ఒకరి పని ఒకరు చూసి మాట్లాడుకుంటారు, ప్రతి సందేహానికీ పైవాళ్ల ముఖం చూసే అలవాటు తగ్గుతుంది. ఆస్ట్రేలియా తన సొంత మూల్యాంకన పత్రాన్ని తయారుచేసుకుని 2008లో సవరించుకుంది. విద్యార్థి కూడా తన పోస్టింగ్ గురించి, తనకు దొరికిన పర్యవేక్షణ గురించి అభిప్రాయం రాసే పత్రాలు వాడుకలోకి వచ్చాయి. తూకం ఇద్దరి వైపూ ఉండాలన్న న్యాయం అది.

అయినా ఒక మొండి సమస్య మిగిలింది. పర్యవేక్షకులకు విద్యార్థిని ఫెయిల్ చేయడానికి మనసు రాదు. స్కాట్లండ్‌లో కాథ్లీన్ డఫీ 2003లో నర్సింగ్ విద్యార్థుల మార్గదర్శకులపై చేసిన అధ్యయనం ఈ సంగతిని బాహాటంగా చెప్పింది. అనుమానం ఉన్నా, పోనీలే, తర్వాతి పోస్టింగ్‌లో దిద్దుకుంటారని వదిలేస్తారు. తర్వాతివాళ్లూ అదే అనుకుంటారు. ఆక్యుపేషనల్ థెరపీ దీనికి మినహాయింపు కాదు. ఈ మొహమాటానికి మందు నడిమధ్య మూల్యాంకనం. పోస్టింగ్ సగంలో ఉండగానే ఇద్దరూ కూర్చుని, పత్రం ముందుపెట్టుకుని, ఇక్కడ వెనకబడ్డావు, దీనికి ఇంకా ఇన్ని వారాలున్నాయి అని చెప్పుకోవాలి. అప్పుడు చివర్లో వచ్చే మాట ఎవరికీ పిడుగుపాటు కాదు.

మన దేశంలో

ఈ చరిత్ర మన గడపలోకి ఒక మహిళ ద్వారా వచ్చింది. అమెరికాలో ఎలిజబెత్ లండీగా పుట్టి, విష్ణు నింబ్కర్‌ను పెళ్లాడి మన దేశం వచ్చిన కమలా నింబ్కర్, మళ్లీ అమెరికా వెళ్లి ఈ విద్య నేర్చుకుని వచ్చింది. 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో ఆమె ప్రారంభించిన బడి ఆసియాలోనే మొదటిది. ఆసుపత్రి నడుమే బడి పెట్టడంతో వార్డే తరగతి గది అయింది. 1952లో ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ఏర్పడినప్పుడు స్థాపక దేశాల్లో భారత్ ఒకటి. ఆ సమాఖ్య ప్రమాణాల ప్రకారం ప్రతి విద్యార్థీ కనీసం 1000 గంటలు పర్యవేక్షణ కింద క్షేత్రశిక్షణ పొందాలి. మన దగ్గర నాలుగేళ్ల చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్ అనే పద్ధతి చాలాకాలం నడిచింది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తిని కూడా జాతీయ కమిషన్ పరిధిలోకి తెచ్చింది.

గంటలు లెక్కపెట్టడం మనకు వచ్చింది. లాగ్‌బుక్‌లో సంతకాలు, కేస్ ప్రెజెంటేషన్లు, వైవాలు ఉన్నాయి. కానీ వైవాలో బాగా మాట్లాడిన విద్యార్థి వార్డులో గుండీ దగ్గర ఆగగలదో లేదో సంతకం చెప్పదు. ఇంకో చిక్కు మన నేలకు సంబంధించింది. పత్రం ఇంగ్లిషులో ఉంటుంది, రోగి తెలుగులో బాధ చెప్పుకుంటాడు. సికింద్రాబాద్‌లో 1984 నుంచి మానసిక వికాసంలో వెనకబడినవారి కోసం జాతీయ సంస్థ పనిచేస్తోంది. అలాంటి చోట ఒక తల్లికి, బిడ్డ చేత అన్నం ఎలా తినిపించాలో ఆమె మాటల్లో చెప్పగలగడమే భాషా నైపుణ్యం. చెంచా పట్టుకోవడాన్ని కొలిచే పత్రం, చేత్తో అన్నం కలుపుకుని ముద్ద చేసే వేళ్లను కొలవలేదు. చీర కట్టుకోవడం, నేల మీద కూర్చుని లేవడం, బావి దగ్గర చేద లాగడం మన రోగుల దినచర్య. వీటిని నేర్పగలిగిన విద్యార్థికి మార్కులిచ్చే పత్రం మనమే రాసుకోవాలి.

మరొకటి, సార్ ముందు, మేడమ్ ముందు నోరు విప్పని అలవాటు. పెద్దల పట్ల గౌరవం మంచిదే. కానీ ఎందుకిలా చేశావని సూపర్‌వైజర్ అడిగినప్పుడు తప్పుపడుతున్నారని బెదిరే విద్యార్థి తన ఆలోచన బయటపెట్టలేదు. బయటపడని ఆలోచనను ఎవరూ దిద్దలేరు. కాబట్టి అడిగే తీరు మార్చాల్సిన బాధ్యత పెద్దవాళ్లదే.

కొత్త చట్టం కింద పాఠ్యప్రణాళికలు రాసేవారు గంటలతో పాటు మూడు సంగతులు రాయాలి. విద్యార్థిని చూసే థెరపిస్టుకు ఆ సమయాన్ని పనిగంటల్లో కలపాలి, రోగుల భారం ఆ మేరకు తగ్గించాలి. ప్రతి పోస్టింగ్‌కూ నడిమధ్య మూల్యాంకనం తప్పనిసరి చేయాలి. అంకె పక్కన, చూసిన పనిని రెండు వాక్యాల్లో రాయకపోతే ఆ అంకె చెల్లదనాలి. రేపు ఆ విద్యార్థి చేతుల్లోకి వచ్చే రోగికి పత్రాల చరిత్రతో పనిలేదు. ఆ చేతులను ఎవరో ఒకరు ఓపికగా చూసి దిద్దారా లేదా అన్నదే ఆయనకు ముఖ్యం.