ఆ చిట్టా ఎవరి చేతిలో ఉండాలి?

మనుషుల పేర్లు రాసిపెట్టి నిఘా వేసే పద్ధతి మన ప్రాంతానికి కొత్త కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 తరువాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది. కృష్ణ దాటితే బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఉంది. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన ఆ సెటిల్‌మెంట్‌లో ఎరుకల కుటుంబాలను ఉంచారు. హాజరు వేశారు, అనుమతి లేనిదే ఊరు దాటనివ్వలేదు. దొంగతనం చేసినవాడూ చేయనివాడూ అక్కడ ఒకే లెక్క. మద్రాసు ప్రభుత్వం 1947లో ఆ చట్టాన్ని రద్దు చేసింది. 1952లో దేశమంతటా పోయింది. ఊరి పేరుకు పట్టిన మచ్చను మాత్రం మన సినిమాలు నిన్నమొన్నటి దాకా మోశాయి. లైంగిక నేరస్థుల రిజిస్టర్ల చరిత్రను నేను ఈ అనుభవాన్ని పక్కన పెట్టుకునే చదువుతాను.

మద్రాసులో ఆ చట్టం పోయిన 1947లోనే, అమెరికాలో కాలిఫోర్నియా లైంగిక నేరస్థుల రిజిస్టర్ మొదలుపెట్టింది. చాలాకాలం అది పోలీసుల బీరువా దాటి రాలేదు. 1994లో న్యూజెర్సీలో ఏడేళ్ల పాపను ఎదురింటివాడు చంపాడు. అతను అంతకుముందే అలాంటి నేరాలకు శిక్ష పడినవాడు. ఆ సంగతి మాకు ముందే ఎందుకు చెప్పలేదని కన్నవాళ్లు అడిగిన ప్రశ్నకు జవాబు లేదు. పాప పేరుతోనే వచ్చిన మేగన్ చట్టం 1996లో దేశమంతటికీ వర్తించింది. ఇప్పుడు అదే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇల్లు చూసుకునే తెలుగు కుటుంబం కూడా ఇరుగుపొరుగున అలాంటివారు ఉన్నారేమో ఇంటర్నెట్‌లో ఫొటోతో సహా చూసుకోవచ్చు. బడుల దగ్గర వాళ్లు ఉండకూడదన్న ఆంక్షలూ తోడయ్యాయి. మయామీలో ఇల్లు దొరకని అలాంటివారు ఏళ్ల తరబడి ఒక వంతెన కింద బతికారు. నిలకడైన చిరునామా లేని మనిషిపై నిఘా వేయడం పోలీసులకు తేలిక కాదు, కష్టమవుతుంది.

చాలా దేశాలు ఇంత దూరం వెళ్లలేదు. బ్రిటన్ 1997లో రిజిస్టర్ పెట్టినా పోలీసుల దగ్గరే ఉంచింది. పిల్లల దగ్గర మసలే మనిషి మీద అనుమానం వస్తే తల్లిదండ్రులు పోలీసులను అడిగే వీలు తరువాత కల్పించింది. పునఃసమీక్ష లేకుండా జీవితాంతం పేరు ఉంచడం మానవ హక్కులకు విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. కెనడా, ఫ్రాన్స్ కూడా ఆ జాబితాను జనం ముందు పెట్టలేదు. నాకు అందరికంటే నచ్చింది దక్షిణాఫ్రికా. 2007 చట్టంతో వచ్చిన అక్కడి రిజిస్టర్ ముఖ్యోద్దేశం, అందులో పేరున్నవాళ్లకు పిల్లల మధ్య ఉద్యోగం దొరక్కుండా చూడడం.

మన కేంద్ర ప్రభుత్వం 2018 సెప్టెంబరులో, సుమారు 4.4 లక్షల నమోదులతో లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ ప్రారంభించింది. అది పోలీసులు, దర్యాప్తు సంస్థలు చూసేది. మరుసటి ఏడాది శంషాబాద్ దగ్గర యువ వైద్యురాలిపై జరిగిన ఘోరంతో రెండు తెలుగు రాష్ట్రాలూ రగిలిపోయాయి. ఆ వేడిలో, 2019 డిసెంబరు 13న, ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. మహిళలపై, పిల్లలపై నేరాలు చేసినవారి రిజిస్టర్‌ను ప్రజలందరికీ తెరిచి పెడతామంది అందులో. ఆ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రాలేదు.

ఆ ఆవేశం న్యాయమైనదే. కానీ బెజవాడ పక్కనే ఇబ్రహీంపట్నంలో 2007లో ఏం జరిగిందో కృష్ణా జిల్లా వాళ్లం మరిచిపోకూడదు. హాస్టల్‌లో ఫార్మసీ విద్యార్థినిని అత్యాచారం చేసి చంపిన కేసులో, 2010లో విజయవాడ కోర్టు ఒక యువకుడికి శిక్ష వేసింది. 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. దర్యాప్తు మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. బహిరంగ చిట్టా ఉండి ఉంటే ఆ ఏడేళ్లూ అతని ఫొటో అందులో ఉండేది. తీసేశాక మాత్రం జనం ఫోన్లలోంచి పోయేదా?

మరొకటి చూడండి. మన దేశంలో నమోదైన అత్యాచార కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లే. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు. మొదటిసారి దొరికినవాడి పేరు అంతకుముందు ఏ చిట్టాలోనూ కనిపించదు. అందుకే చిట్టా పోలీసుల దగ్గర ఉండాలి, దాని ఉపయోగం ఉద్యోగంలో చేర్చుకునే గుమ్మం దగ్గర కనపడాలి.

ఆ దారి మన చట్టంలో ఇప్పటికే ఉంది. పిల్లలతో పనిచేసే ప్రతి సంస్థా, బోధన సిబ్బందయినా కాకపోయినా, కాంట్రాక్టు మనిషయినా, పోలీసు విచారణ చేయించాలనీ, దాన్ని ఎప్పటికప్పుడు తిరిగి చేయించాలనీ 2020 పోక్సో నిబంధనలు చెబుతున్నాయి. కృష్ణా జిల్లాలోని మా ఉయ్యూరు బడులకు చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లలు వస్తారు. వాళ్లకు పాఠం చెప్పేవారికీ, హాస్టల్ కాపలావారికీ, బస్సు నడిపేవారికీ ఈ విచారణ జరిగిందా అని ఫీజు కట్టేముందు అడగండి. కాగితం చూపించమనండి.