బండి ఇరుసు నుంచి జీపు బుష్ దాకా

మన గాండ్లపెంట దిక్కు పాత జీపులు, పాత మోటార్ సైకిళ్లు ఇంకా తిరుగుతానే ఉన్నాయి. కంపెనీ బుష్ దొరక్కపోతే పాత టైరు కోసో, నైలాన్ కడ్డీని లేత్‌లో తిప్పించో మనమే చేసి వేసుకుంటాం. ఈ పని ఈనాటిది కాదు. దాని చరిత్ర తెలిస్తే ఏ బుష్ యాడ వేయాలో కూడా తెలుస్తాది.

ముందు మన ఎద్దుల బండినే చూడండి. చక్రం నడిమి దిమ్మెలో ఇనుప బుష్ ఉంటాది. ఇరుసు మీద తిరిగేది అదే. ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన పెట్టేవాళ్లు. బుష్ అరిగితే అది మారుస్తే సరిపోయేది, చక్రం, ఇరుసు బతికేవి. బుష్ పుట్టిందే అరగడానికి. తాను అరిగి ఖరీదైన వస్తువును కాపాడుతాది.

మన బండికి కమాన్ పట్టీలు లేవు. ఇంగ్లాండులో 19వ శతాబ్దం మొదట్లోనే గుర్రపు బండ్లకు అవి వచ్చినాయి. పట్టీ కొస కన్నులో బోల్టు ఆడుతుంది గనక అక్కడా బుష్ అవసరమైంది. 1844లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్, రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరిచే పద్ధతికి పేటెంట్ పొందినాడు. రబ్బరు బుష్‌కు దారి అక్కడ పడింది.

1947లో మహీంద్రావాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టినారు. ఆ పాత జీపుల షేకిళ్లలో మరలున్న ఇనుప బుష్‌లు, వాటికి గ్రీజు. తర్వాతి బండ్లలో రబ్బరు వచ్చింది. మనం పొరబడేది ఇక్కడే. ఇనుప బుష్ జారుతాది, దానికి గ్రీజు కావాల. రబ్బరు బుష్ జారదు, మెలిపడి మళ్లీ తన చోటికి వస్తాది. కిర్రుమంటోందని దానికి ఆయిలో డీజిలో పోస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడి పోతాది. బోల్టు కూడా బండి నాలుగు చక్రాల మీద నిలబడినాకే పూర్తిగా బిగించాల. జాకీ మీదనే బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి తొందరగా చీలుతాది.

ఇంట్లో చేసుకునేది వద్దని నేను చెప్పను. షాక్ అబ్జార్బర్ కొసకు టైరు ముక్క కొన్నాళ్లు పనికొస్తాది. నైలాన్ బుష్ అంత సులువుగా అరగదు, కానీ గుంత దెబ్బను మింగదు, నేరుగా ఛాసిస్‌కు పంపిస్తాది. బుష్ గట్టిగా ఉంటే అరిగేది ఇనుమే. లేత్‌కు పోయేటప్పుడు పాత బుష్ ఒక్కటే చూపించకండి, అది అరిగిపోయి ఉంటాది. కొత్త బోల్టు తీసుకపోండి, పట్టీ కన్ను కూడా కొలిపించండి.

పట్టీ కన్నులో, స్టీరింగ్ దగ్గర మాత్రం టైరు ముక్క పెట్టొద్దప్పా. కదిరి–రాయచోటి రోడ్డులో నిండా జనంతో మలుపు తిప్పేటప్పుడు పట్టీ పక్కకు జరిగిందంటే బండి మన మాట వినదు. ఎద్దుల బండి అయితే చీల ఊడినా నడక వేగంలో పడుతుండె. జీపు అట్ల కాదు.